దోషసంకేతములకు తాళము

కారు నడుపువాని కన్నులయెదుట, స్టీరింగు చక్రము వెనుకనున్న పలకపై, ఇంజను బొమ్మ గల పసుపుదీప మొకటి యున్నది. అది వెలిగిన దినమున సామాన్యగృహస్థునకు కలుగు భయము పోలీసు జవాను వచ్చి గుమ్మము తట్టిన నాటి భయమునకు తీసిపోదు. దీపము వెలిగినదనగా, కారులోని కంప్యూటరు ఏదియో లోపమును కనిపెట్టి, దానికి ఒక అక్షరమును నాలుగు అంకెలును గల పేరు పెట్టి, తన జ్ఞాపకమున వ్రాసికొనినదని యర్థము. ఈ పేరునే మేము దోషసంకేతమనుచున్నాము. మేస్త్రీలు కోడు అందురు. ఈ కోడు ఎవరి సొత్తు? రొక్కమిచ్చి కారు కొన్నవానిదా? చేసి యమ్మిన కంపెనీదా? చదువరులకు ఇది చిల్లర ప్రశ్నగా తోచవచ్చును. ఆటోనగరులలో రెంచీ పట్టి బ్రదుకు వేలకొలది కుటుంబములకు మాత్రము ఇది పొయ్యిలో పిల్లి లేచునా లేవదా యను ప్రశ్న.

గడచిన వర్షాకాలమున మా పట్టణమున జరిగిన యొక సంగతి చెప్పెదము. నెలనెలకు బ్యాంకు కిస్తీ కట్టుకొనుచు, అద్దెకు కారు త్రిప్పుకొను యువకుడొకడు మా కార్యాలయమునకు వచ్చి మొరపెట్టుకొనెను. వాన కురిసిన దినములలో అతని కారు రోడ్డు నడుమ ఆగిపోవుచుండెను. సెల్ఫ్ కొట్టినచో నీరసముగా మూల్గుచుండెను. అతడు దానిని ఒక షోరూమునకు తోలుకొనిపోగా, వారు స్కానరు తగిలించి మూడు కోడులు చూపిరి. మొదటిది పి 0562, అనగా కారు వోల్టేజి తక్కువైనదని. రెండవది పి 0641, అనగా సెన్సారులకు పోవు ఆధారవోల్టేజి సరిగా లేదని. మూడవది యు 0100, అనగా ఇంజను కంప్యూటరుతో తక్కిన కంప్యూటరులకు మాటలు తెగినవని. ఈ మూడింటిని చూచి, ఇంజను కంప్యూటరే చెడినదని తేల్చి, మార్చుటకు రూ. 42,000 అగునని చీటీ వ్రాసి యిచ్చిరి. మార్చిన పిమ్మట కారు ఆగదని వ్రాసి యిత్తురా యని యతడడుగగా, అది మాత్రము వ్రాయమనిరి.

ఆ చీటీ పుచ్చుకొని యతడు ఆటోనగరులోని యొక వృద్ధ వైరింగు మేస్త్రీ యొద్దకు పోయెను. మేస్త్రీ చేసిన పని యేమి? ఇంజను నడుచుచుండగా, దీపములన్నియు వెలిగించి, ఏసీ ఫ్యాను త్రిప్పించి, మల్టీమీటరు తీగ యొకటి బ్యాటరీ మైనస్ బిళ్లపైనను, రెండవది ఇంజను దిమ్మపైనను ఆనించెను. ఆ రెంటి నడుమ వోల్టేజి దాదాపు లేకుండవలెను. బహుశః వోల్టులో పదవవంతో, అయిదవవంతో యున్నను ఓర్వవచ్చును. అచట 1.4 వోల్టులు చూపెను. బ్యాటరీనుండి ఇంజనునకు పోవు ఎర్తు తీగ, దాని చివర బిగించిన బిళ్లలోపల పచ్చబారి, కుళ్లి, నాలుగు పోగులపై వ్రేలాడుచుండెను. ఆల్టర్నేటరు ఇంజనుకు బిగించియున్నది. అది పుట్టించిన కరెంటు ప్లస్ తీగెలో బయటికి పోయి, మరల ఈ ఎర్తు దారినే ఇల్లు చేరవలెను. ఆ కారులో ఇంజను కంప్యూటరు ఎర్తు కూడ ఆ దిమ్మమీదనే యుండెను. దారి మూసికొనిపోగా వోల్టేజి పడిపోవును. సెల్ఫ్ మోటారు నూరు ఆంపియరులకు మించి లాగిన క్షణమున కంప్యూటరు సొమ్మసిల్లును. ఇరుగుపొరుగు కంప్యూటరులు "వీడు పలుకుట లేదు" అని వ్రాసికొనును. ఆకలిచే నోరు పెగలని సాక్షిని పట్టుకొని హంతకుడని ఉరితీయబూనిరి! కొత్త తీగకును, తుప్పు గీకి బిగించిన కూలికిని కలిపి మేస్త్రీ పుచ్చుకొనినది రూ. 650. నాలుగు నెలలు గడచినవి. ఆ దీపము మరల వెలుగలేదు.

కోడు ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. ఈ భేదమును గ్రహింపనివారి చేతిలో స్కానరు ఎంత ఖరీదుదైనను నిష్ప్రయోజనము. పి 0113 అను కోడును తీసికొనుడు. ఇంజను పీల్చుకొను గాలి యొక్క ఉష్ణోగ్రతను కొలుచు సెన్సారు తీగెలో వోల్టేజి మిక్కిలి హెచ్చుగా నున్నదని దాని భావము. కంప్యూటరునకు తెలిసినది అంతియే. సెన్సారు చెడినదో, తీగ తెగినదో, కప్లరు ఊడినదో, లోపల పిన్ను వంగినదో దానికి తెలియదు. "సెన్సారు మార్చుడు" అని అది ఎన్నడును చెప్పలేదు; అట్లు చెప్పినవాడు దానిని చదివిన మనుష్యుడు. నిజము తేల్చుటకు ఒక చిన్న ఉపాయమున్నది. కప్లరు ఊడదీసి, కారువైపున నున్న రెండు పిన్నులను ఒక తీగముక్కతో కలిపినచో, అంతవరకు స్కానరులో మైనస్ 40 డిగ్రీలు చూపుచున్న అంకె ఒక్కసారిగా మండు వేడికి ఎగబ్రాకును. అట్లు ఎగబ్రాకినచో తీగెలును కంప్యూటరును నిర్దోషులు, దోషము సెన్సారుదే. కదలనిచో సెన్సారు నిర్దోషి, తీగెను వెదకవలెను. పైసా ఖర్చు లేదు. ఈ పరీక్ష చేయకయే దినదినమును ఎన్ని మంచి సెన్సారులు చెత్తబుట్ట పాలగుచున్నవో!

ఇట్టివే మరి రెండు. అయిదు వోల్టుల ఆధారవోల్టేజిని పెక్కు సెన్సారులు పంచుకొనును. అందొకటి లోపల షార్టయి కూలినచో తక్కిన వన్నియు అబద్ధమాడును, నాలుగు కోడులొకేసారి పుట్టును. అప్పుడు నాలుగు సెన్సారులు కొనుట అవివేకము. ఒక్కొక్క కప్లరే ఊడదీయుచు, ఏది తీసినప్పుడు అయిదు వోల్టులు మరల నిలబడునో చూచిన చాలును. కంప్యూటరులు మాటలాడుకొను జంటతీగెల సంగతియు నిట్టిదే. బ్యాటరీ విప్పి, డాష్‌బోర్డు క్రిందనున్న పదునారు పిన్నుల సాకెట్టులో 6వ పిన్నునకును 14వ పిన్నునకును నడుమ నిరోధము కొలిచిన 60 ఓములుండవలెను, ఏలన రెండుకొనలను 120 ఓముల నిరోధములు రెండు కూర్చుండియున్నవి. 120 చూపినచో ఒక కొన తెగినది. సున్నకు దగ్గరగా చూపినచో రెండు తీగెలు ఒరసికొనినవి. ఇక ఎలుకల మాట. వానకాలమున షెడ్డులో నిలిచిన కార్లలో దూరి అవి కొరికిన తీగెలకు లెక్క లేదు. కొండను త్రవ్వి ఎలుకను పట్టిరని సామెత. ఇచట ఎలుకను పట్టకయే కొండను త్రవ్వి బిల్లు వేయుచున్నారు.

మనవారి తప్పులను దాచి పరులను నిందించుట పత్రికాధర్మము కాదు. కారు కొన్న వారమునకే అదనపు లైట్లు, గావుకేక హారన్లు, పాటల పెట్టెలు కావలెనని యజమాని తొందరపడును. కంపెనీ తీగను బ్లేడుతో చెక్కి, క్రొత్తతీగను మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, "అయిపోయినది సార్" అని చేతులు దులుపుకొను పనివారు ప్రతి పట్టణమునను కలరు. రెండు వానలకు ఆ ముడిలో నీరుచేరును. మూడవ వానకు కోడు పుట్టును. మరికొందరు దీపము వెలిగిన కారు వచ్చుటతోడనే, ఏమియు కొలువక, కోడును చెరిపివేసి రెండువందలు పుచ్చుకొందురు. ఇది వైద్యము కాదు, రోగి నోరు నొక్కుట. కోడు పుట్టిన క్షణమున ఇంజను వేగమెంత, నీటి వేడి యెంత, బండి యెంత వడిగా పోవుచుండెను అను సంగతులను కంప్యూటరు ప్రక్కనే వ్రాసియుంచును. అది ఘటనాస్థలపు పంచనామా వంటిది. కోడు చెరిపిన పంచనామాయు చెరిగిపోవును; నేరస్థుడు మాత్రము కారులోనే యుండి, వారము తిరుగకుండ మరల దీపము వెలిగించును. లోపము నిజముగా తొలగినచో, వరుసగా మూడు ప్రయాణములలో అది కనబడకుండినయెడల దీపము తనంతట తానే ఆరును. ఇంజను నలుబదిమార్లు చల్లారి వేడెక్కిన పిమ్మట కోడును జ్ఞాపకమునుండి మాసిపోవును. పాతకార్లు కొనువారు దీనిని గుర్తుంచుకొందురు గాక. అమ్మకమునాటి ఉదయమున కోడులు చెరిపియుంచుట బేరగాండ్రలో కొందరికి అలవాటు. అయినను కంప్యూటరు తన పరీక్షలు ఇంకను పూర్తికాలేదని స్కానరులో ఒప్పుకొనును, అడుగువాడుండవలెను.

ఈ తప్పులు అజ్ఞానమువలన కలిగినవి. విద్య చెప్పిన మానును. కాని తెలిసి, కూర్చుండి, ఆలోచించి వేసిన తాళమును గూర్చి యేమందుము?

ఈ కోడుల భాష కంపెనీల దానము కాదు. లాస్ ఏంజిలెస్ నగరమున జనులు పొగమంచులో కన్నులు మండి బాధపడుచుండగా, కాలిఫోర్నియా గాలి సంరక్షణ మండలి 1988 నాటి కార్లనుండి, పొగను అదుపుచేయు భాగములు చెడినచో కారే చెప్పవలెనని విధించెను. తొలుత ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క సాకెట్టును, ఒక్కొక్క భాషను పెట్టి మేస్త్రీలను ఏడిపించినవి. 1996 నాటి కార్లనుండి అమెరికా యంతటను ఒకే పదునారు పిన్నుల సాకెట్టు, ఒకే కోడుల నిఘంటువు శాసనమాయెను. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లోను, డీజిలు కార్లకు 2004లోను వచ్చెను. మన దేశమున భారత్ స్టేజి 4 నిబంధనలతో 2010 ఏప్రిల్ 1 నుండి మొదటి దశయు, 2013 ఏప్రిల్ 1 నుండి రెండవ దశయు అమలైనవి; 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 వచ్చి కార్లలోని సెన్సారులను మరింత పెంచినది. ప్రజల ఊపిరి కొరకు ప్రజల శాసనము కల్పించిన భాష యిది. దానిని చదువు చిన్న పరికరము కొన్ని వందల రూపాయలకు బజారులో దొరకుచున్నదన్నచో ఆ పుణ్యము ఆ శాసనముదే.

అయితే ఆ శాసనము పొగకు సంబంధించిన కోడులనే విప్పినది. "పి 0" తో మొదలగునవి అన్ని కార్లకు నొక్కటే. "పి 1" తో మొదలగునవి కంపెనీ యిష్టము. బ్రేకుల కంప్యూటరు, గాలిసంచుల కంప్యూటరు, తలుపులు దీపములు చూచు కంప్యూటరు, వీటి మనసులోని మాట పెక్కు కార్లలో కంపెనీ స్కానరునకే తెలియును. మేస్త్రీ లోపము కనిపెట్టి క్రొత్త భాగము బిగించినను, "వీనిని నేనెరుగను" అని కారు మొరాయించును. దానికి పరిచయము చేయు మంత్రము షోరూములోనే యున్నది. 2018 ప్రాంతమునుండి కొన్ని కంపెనీలు సాకెట్టునకును కంప్యూటరులకును నడుమ కావలివాని నొకని నిలిపినవి. బయటి స్కానరు కోడు చదువవచ్చును గాని, చెరుపుటకు, ఒక రిలేను కదల్చి పరీక్షించుటకు కంపెనీ కచ్చేరీలో పేరు నమోదుచేసికొని రుసుము చెల్లింపవలెను. విద్యుత్తు కార్లు వచ్చుచున్నవి. వానికి పొగ లేదు. పొగ లేనందున పొగశాసనము విప్పిన ఆ చిన్న కిటికీయు వానికి వర్తింపదు. రేపు కారంతయు తాళములోపలనే యుండిపోయినచో ఆశ్చర్యమేమి?

ఇది మా యూహ కాదు. మన దేశపు కాంపిటీషన్ కమిషనే ఈ సంగతి విచారించినది. 2014 ఆగస్టు 25న వెలువడిన తీర్పులో, విడిభాగములను, దోషపరీక్షా పరికరములను బయటి మేస్త్రీలకు దొరకనీయక కార్ల కంపెనీలు తమ బలమును దుర్వినియోగము చేసినవని తేల్చి, 14 కంపెనీలపై మొత్తము రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించినది. పరికరములను, సాంకేతిక సమాచారమును స్వతంత్ర మేస్త్రీలకు అందుబాటులో నుంచవలెనని యాజ్ఞాపించినది. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల జరిమానా తగ్గించినదే కాని, తప్పు జరిగినదన్న నిర్ణయమును తోసిపుచ్చలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించి, ఎన్నుకొన్న నాలుగు రంగములలో మోటారు వాహనముల నొకటిగా చేర్చినది. ఆ డిసెంబరు 24న ఇంటర్నెట్టులో పోర్టలును తెరచినది. సంతోషము. కాని పోర్టలు శాసనము కాదు. కంపెనీ తనకు తోచినది అందు వ్రాయును, తోచనిది వ్రాయదు. దయ యున్నచోట అడుగవచ్చును గాని, హక్కు లేనిచోట నిలదీయుట ఎట్లు?

పరదేశముల జనులు దయకొరకు కూర్చుండలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 2012లో ఈ ప్రశ్నను నేరుగా ఓటర్ల ముందుంచగా, దానిపై ఓటిచ్చినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా మరమ్మతు హక్కు కావలెననిరి. కార్లు గాలిలో పంపుకొను సమాచారమును గూర్చి 2020లో మరల అడుగగా నూటికి 75 మంది ఔననిరి. ఐరోపా న్యాయస్థానము 2023 అక్టోబరు 5న, శాసనమున లేని షరతులు పెట్టి కారు సాకెట్టును అడ్డగించు అధికారము కంపెనీకి లేదని స్పష్టముగా తీర్పు చెప్పినది. ఆ దావా తెచ్చినవారు కారు మరమ్మతుల వ్యాపారులే. మన ఆటోనగరుల సంఘములు ఈ తీర్పును తెలుగున వ్రాయించి తమ గోడలకు అంటించుకొనుట మంచిది.

కంపెనీలవారు చెప్పు సమాధానములు మాకు తెలియును. తాళము తీసినచో దొంగలు కారు తాళపుచెవులను క్రొత్తగా వ్రాసికొందురట. ఈ మాటలో కొంత సత్యమున్నది, మేము కాదనము. తాళపుచెవి వ్రాయుట, దొంగతన నిరోధక యంత్రమును మార్చుట, ఇవి ఎవరు చేసిరో లెక్క యుండవలసిన పనులు. అట్టి పనులకు ఐరోపాలో స్వతంత్ర మేస్త్రీల యోగ్యతను విచారించి అనుమతి పత్రమిచ్చు ఏర్పాటు గలదు. మనమును చేసికొనవచ్చును. కాని బ్రేకుల కంప్యూటరు ఏమి ఫిర్యాదు చేసెనో చదువుటకును, కారు దొంగతనమునకును సంబంధమేమి? ఇంటికి దొంగలు వత్తురని ఇంటి యజమానినే వీథిలో నిలిపినట్లున్నది. రెండవ సమాధానము, బయటి మేస్త్రీలకు చదువు లేదని. చదువు లేదని పుస్తకమును దాచుట, పుస్తకము చూడలేదని చదువు లేదనుట, ఈ రెండును ఒకే నోట వచ్చుచున్నవి! ఎర్తు తీగను కనిపెట్టిన మా వృద్ధ మేస్త్రీ ఏ పట్టము పుచ్చుకొనినవాడు?

కాబట్టి ప్రభుత్వమును మేము కోరునది మిక్కిలి స్వల్పము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో ఒక నియమము చేర్చవలెను: ఈ దేశమున అమ్మబడు ప్రతి కారుయొక్క సమస్త కోడుల అర్థములును, తీగెల పటములును, భాగములు మార్చిన పిమ్మట చేయవలసిన పరిచయ విధానమును, షోరూమునకు ఏ ధరకు ఏ దినమున దొరకునో ఆ ధరకు ఆ దినముననే బయటి మేస్త్రీకిని దొరకవలెను. విద్యుత్తు కార్లకును ఇదియే వర్తింపవలెను. రాష్ట్రప్రభుత్వములు ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ విద్య గరపుచున్నవి. ఆ బాలురకు ఇంజను విప్పుటతో పాటు మల్టీమీటరు పట్టి ఎర్తు దారిలో వోల్టేజి ఎంత పోవుచున్నదో కొలుచుట మొదటి నెలలోనే నేర్పవలెను. విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు ఆటోనగరులలో పగలు పనిచేయువారికి రాత్రి తరగతులు పెట్టినచో వచ్చువారు లేకపోరు. అద్దె కారు యువకుడు ఆ వృద్ధునియొద్ద ఇప్పుడు ఆదివారములు కూర్చుండి పని నేర్చుకొనుచున్నాడు.

యజమానులకు ఒక మాట. కారును మరమ్మతునకు ఇచ్చినప్పుడు కోడు చెరుపకముందే దాని నకలును, పంచనామాతో సహా, అడిగి తీసికొనుడు. ఏ భాగము మార్చవలెనన్నను, ఏమి కొలిచితిరి, ఎంత వచ్చెను, ఎంత రావలెను అని అడుగుడు. పాత భాగమును ఇంటికి తెచ్చుకొనుడు. ఆ షోరూము చీటీ మా బల్లమీదనే యున్నది. అందు మూడు కోడులున్నవి, ఒక ధర యున్నది. కొలిచిన వోల్టు ఒక్కటియు లేదు. ఇట్టి చీటీలు తమయొద్ద నున్న పాఠకులు మాకు పంపినచో, పేర్లు విడిచి, రాబోవు సంచికలలో ప్రకటింతుము.